ఎల్వా నదికి చేపలు తిరిగివచ్చిన విధము

నదికి ఆనకట్ట కట్టుట మనకు తెలిసిన పని. కట్టిన ఆనకట్టను బుద్ధిపూర్వకముగా విప్పివేయుట మనము తరచుగా వినని పని. అమెరికా సంయుక్తరాష్ట్రములలో పసిఫిక్ మహాసముద్రతీరమున వాషింగ్టన్ అను రాష్ట్రము కలదు. ఆ రాష్ట్రమునకు వాయవ్యమూలను ప్రవహించు ఎల్వా అను చిన్న నదిపై సుమారు నూరు సంవత్సరములు నిలిచియున్న రెండు ఆనకట్టలను 2011వ సంవత్సరము మొదలు 2014వ సంవత్సరము వరకు మెల్లమెల్లగా తొలగించిరి. ఆ పనికి ముందును, పని జరుగుచున్నపుడును, అటుతరువాతను ఆ నదిలోని నీటిని, ఇసుకను, చేపలను, ఒడ్డుననుండు పక్షులను శాస్త్రజ్ఞులు విడువక పరిశీలించిరి. ఆ పరిశీలకులలో, ఆ తీరమున తరతరములుగా నివసించు ఆదిమజాతివారు తామే ఏర్పరచుకొనిన శాస్త్రశాఖ యొకటి. చేపలు పట్టు హక్కు కాగితముపై మాత్రము మిగిలిన యొక చిన్నజాతి, దానిని నీటిలో నిజము చేసికొనుటకు నదీపరిశోధనను ఎట్లు ఆశ్రయించెనో చెప్పుటయే ఈనాటి నా ప్రసంగమున కుద్దేశము.

ఎల్వా పెద్దనది కాదు. దాని పొడవు సుమారు 45 మైళ్లు. ఒలింపిక్ పర్వతములందలి మంచులో పుట్టి, ఉత్తరముగా ప్రవహించి, అమెరికాను కెనడాను వేరుచేయు హువాన్ డి ఫ్యూకా జలసంధిలో కలియును. దాని పరీవాహకప్రదేశములో నూటికి ఎనుబదిపాళ్లకు పైగా 1938లో ఏర్పడిన ఒలింపిక్ జాతీయవనములో నున్నది. అక్కడ ఊళ్లు లేవు, పొలములు లేవు, గనులు లేవు. అందుచేత ఈ నదికి పైభాగము చెడని స్థితిలోనే నిలిచియుండెను. ఇంటిలోపల చెక్కుచెదరక, వాకిలి మాత్రము మూసియున్న గృహమువంటిది ఆ నది.

ఈ నదిలోనికి వచ్చు చేపలలో ముఖ్యమైనది సాల్మన్. దీని స్వభావము మన గోదావరిజిల్లాల శ్రోతలకు సులభముగా బోధపడగలదు. వరదనీరు వచ్చినపుడు బంగాళాఖాతము నుండి గోదావరిలోనికి ఎదురీదివచ్చు పులసను వారెరుగుదురు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని సామెత. సాల్మన్ కూడ అట్లే సముద్రమునుండి నదిలోనికి వచ్చును. అది నదిలోని గులకరాళ్ల నడుమ పుట్టి, చిన్నతనముననే సముద్రమునకు పోయి, కొన్నియేండ్లు అక్కడ పెరిగి, తాను పుట్టిన నీటి వాసనను పట్టుకొని ఆ యేటికే మరల వచ్చును. నదిలో ప్రవేశించిన పిమ్మట ఆహారము ముట్టదు. ఆడుచేప తోకతో గులకరాళ్లను త్రవ్వి, గూడు చేసి, గ్రుడ్లు పెట్టును. అంతటితో దాని ఆయువు తీరును. చచ్చిన చేపల శరీరములను ఎలుగుబంట్లును, గ్రద్దలును, నీటిపురుగులును తినును; మిగిలినది నేలకు ఎరువగును. అనగా సముద్రపు సారమును కొండల మీదికి మోయు కూలి యీ చేప.

ఆ నదీముఖమున నివసించువారు క్లాలం జాతివారు. లోయర్ ఎల్వా క్లాలం అని వారి శాఖకు పేరు. వారికి చేప ఆహారమే కాదు. వారి పండుగలు, వర్తకము, ప్రయాణములు అన్నియు చేపలరాకను బట్టి నడచుచుండెను. 1855వ సంవత్సరము జనవరిలో పాయింట్ నో పాయింట్ అనుచోట వారి పెద్దలకును అమెరికా ప్రభుత్వమునకును సంధి జరిగెను. ఆ సంధిచేత ఆ జాతులు విస్తారమైన భూమిని వదలుకొనవలసివచ్చెను. ఒక్కటి మాత్రము వారు వదలలేదు. తాము అలవాటుగా చేపలు పట్టు స్థలములలో, ఇతర పౌరులతోపాటు, చేపలు పట్టు హక్కు తమకు నిలిచియుండవలెనని వ్రాయించుకొనిరి. భూమి పోయినను నీరు మిగులునని వారి యాశ.

ఆ యాశకు అడ్డము వచ్చినది కొండల నడుమ లేచిన గోడ. 1910లో నదీముఖమునకు అయిదుమైళ్ల యెగువను, విద్యుచ్ఛక్తి కొరకు, 108 అడుగుల ఎత్తుగల ఎల్వా ఆనకట్టను కట్ట మొదలుపెట్టి 1913లో ముగించిరి. చేపలు ఎక్కివచ్చు నదులలో ఆనకట్ట కట్టువారు చేపలు దాటుటకు దారి విడువవలెనని ఆ రాష్ట్రమున 1890లోనే చట్టము చేయబడియుండెను. ఇక్కడ ఆ దారి విడువలేదు. దానికి బదులుగా గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచి విడుచు కేంద్రము నొకదానిని ఏర్పరచిరి. దానిని హేచరీ అందురు. అదియు కొద్దికాలము నడచి 1922లో మూతపడెను. 1912వ సంవత్సరము అక్టోబరులో, పని యింకను ముగియకమునుపే, ఆనకట్ట అడుగుభాగము తెగి, వరద క్రిందిలోయమీద పడెను. ఆ లోయలో క్లాలం ప్రజలు నివసించుచుండిరి. తరువాత 1927లో ఇంకను ఎగువను గ్లైన్స్ కాన్యన్ అనుచోట 210 అడుగుల ఎత్తున రెండవ ఆనకట్ట లేచెను. ఇట్లు డెబ్బదిమైళ్లకు పైబడిన నదీమార్గము మూతపడి, సాల్మన్‌కు అయిదుమైళ్ల క్రిందిభాగము మాత్రము దక్కెను.

ఆ అయిదుమైళ్లయినను మంచిస్థితిలో నిలిచెనా? నిలువలేదు. ఈ సంగతి బయటపెట్టినది నదీపరిశోధన. నది నీటిని మాత్రమే మోయదు. ఇసుకను, గులకరాళ్లను, పడిన చెట్లను కూడ మోయును. ఆనకట్ట నీటిని కొంత విడుచును గాని రాతిని, మ్రానును విడువదు. దిగువకు క్రొత్తగులక రాక, ఉన్న గులక కొట్టుకొనిపోగా, చేప తోకతో కదల్పలేని పెద్దబండలు అడుగున మిగిలెను. గూడు కట్టుటకు తావు లేకపోయెను. జలాశయములో నిలిచి వెచ్చబడిన నీరు వేసవిచివర దిగువకు వచ్చి, చల్లనినీటికి అలవాటుపడిన చేపలకు రోగములు తెచ్చెను. పెద్దచెట్లు అడ్డుపడి ఏర్పరచు మడుగులు లేక పిల్లచేపలకు నీడ లేకపోయెను. నదీముఖమున సముద్రపుటొడ్డు ఇసుక లేక కోసుకొనిపోయెను. ఆలుచిప్పలు ఏరుకొనుచుండిన ఇసుకదిబ్బలు రాళ్లకుప్పలాయెను. ఒకప్పుడు ఏటేట సుమారు 4 లక్షల చేపలు వచ్చుచుండెనని శాస్త్రజ్ఞుల అంచనా. అవి కొన్ని వేలకు దిగెను.

హక్కు ఉన్నది గాని చేప లేదు. ఇది యొక్క ఎల్వా వారి కష్టమే కాదు. ఆ రాష్ట్రమున సంధులు చేసికొనిన జాతులన్నియు ఇట్టి యిబ్బంది పడినవి. చేపలు పట్టబోయిన ఆదిమజాతులవారిని రాష్ట్రాధికారులు పట్టి శిక్షించుచుండిరి. 1974వ సంవత్సరము ఫిబ్రవరిలో న్యాయాధిపతి జార్జి బోల్ట్ ఒక తీర్పు చెప్పెను. ఇతరులతోపాటు అని సంధిలో వ్రాసిన మాటకు సమభాగమని అర్థము చెప్పి, వచ్చు చేపలలో సంతానమునకు విడువవలసినవి పోగా, మిగిలినవానిలో సగమువరకు సంధిజాతులకు చెందవలెననెను. చేపల పాలనలో రాష్ట్రముతోపాటు ఆ జాతులకును భాగము కలదనెను. ఆ తీర్పు ఫలము ఎల్వా ప్రజలకును సంక్రమించెను.

ఈ తీర్పులో నొక సూక్ష్మము కలదు. సంతానమునకు ఎన్ని విడువవలెనో తెలిసిననే గదా మిగులు ఎంతయో తెలియుట? నది ఎన్ని గూళ్లకు చోటీయగలదో తెలిసిననే గదా సంతానమునకు ఎన్ని కావలెనో తెలియుట? కావున లెక్క తెలియనివారికి సగము అను మాట వట్టిమాట. లెక్క ఎదుటివారి చేతిలో నున్నచో హక్కు కూడ వారి చేతిలోనే యుండును. ఈ సంగతిని ఆ జాతులు వెంటనే గ్రహించినవి. అదే సంవత్సరమున తమకు తామై వాయవ్యప్రాంత ఇండియన్ మత్స్యసంఘము నొకదానిని స్థాపించుకొని, జీవశాస్త్రము చదివినవారిని నియమించి, తమతమ నదులలో తామే లెక్కలు తీయ మొదలిడినవి.

ఎల్వా ఆనకట్టల అనుమతుల విచారణ వచ్చినపుడు, 1986లో, లోయర్ ఎల్వా జాతివారు ఆ వ్యవహారములో ప్రవేశించి ఆనకట్టలను తొలగింపుమని కోరిరి. ప్రకృతిసంరక్షణసంఘములు కొన్ని వారికి తోడుపడినవి. ఆనాడు ఆ కోరిక చాలమందికి వింతగా తోచియుండును. ఆ విద్యుచ్ఛక్తి అప్పటికి ముఖ్యముగా ఒక కాగితపుమిల్లుకు పోవుచుండెను. దానిని వేరుచోటినుండి తెచ్చుకొనవచ్చును గాని, ఎల్వా సాల్మన్‌ను వేరుచోటినుండి తెచ్చుకొనుటకు వీలులేదు. 1992లో అమెరికా శాసనసభ ఎల్వానదిని బాగుచేయుటకు ప్రత్యేకచట్టము చేసెను. 2000లో ప్రభుత్వము ఆనకట్టలను కొనెను. కూల్చుపని 2011 సెప్టెంబరులో మొదలాయెను. కోరికకును పనికిని నడుమ ఇరువదియైదు సంవత్సరములు గడచెను.

ఆ కాలము వృథాగా పోలేదు. ఆనకట్టలు తీయకమునుపు నది ఎట్లున్నదో వ్రాసిపెట్టుకొననిచో, తీసిన పిమ్మట ఏమి మారినదో ఎవరు చెప్పగలరు? జాతివారి శాస్త్రశాఖయు, జాతీయవనమువారును, భూగర్భశాస్త్రసంస్థవారును, విశ్వవిద్యాలయములవారును పని పంచుకొనిరి. కొందరు ముసుగులు ధరించి చల్లని నీటిలో తేలుచు చేపలను కంటితో లెక్కించిరి. కొందరు ప్రవాహపు విసురుకే తిరుగు శంఖాకారపు బోనులను నదిలో నిలిపి, సముద్రమునకు పోవు పిల్లచేపలను పట్టి, లెక్కించి, కొలిచి, మరల విడిచిరి. నీరు బురదయైనపుడు కన్ను పనిచేయదు గనుక, ధ్వనితరంగములను నీటిలోనికి పంపి, చేపశరీరమును తాకి వచ్చు ప్రతిధ్వనిచేత లెక్క తీసిరి. జాతివారు అంతతో నిలువక, క్రిందినదిలో పెద్దమ్రానులను మోపులుగా పేర్చి పాతి, ప్రవాహము మడుగులు కట్టునట్లు చేసిరి. ఆనకట్ట ఆపిన చెట్లపనిని మనుష్యులు చేసిరన్నమాట.

అన్నిటికంటె పెద్దప్రశ్న మట్టిని గూర్చినది. రెండు జలాశయములలోను సుమారు 2 కోట్ల 10 లక్షల ఘనమీటర్ల మట్టి, ఇసుక, గులక నిలువయుండెను. ఒక్కసారి విడిచినచో దిగువనున్న చేపలన్నియు ఊపిరాడక చచ్చును. అందుచేత ఆనకట్టలను కొద్దికొద్దిగా కోయుచు, చేపలు నదిలోనికి వచ్చు కాలములలో పని ఆపుచు వచ్చిరి. కొన్ని చేపలను పట్టి, బురద సోకని ఉపనదులకు చేర్చిరి. విత్తనము నశింపకుండ హేచరీలో పిల్లలను పెంచిరి.

ఈ హేచరీ విషయమున అభిప్రాయభేదము వచ్చెను. పెంపకపుచేపలు కలిసినచో స్వతస్సిద్ధమైన చేపల జాతి బలహీనమగునని కొన్ని సంరక్షణసంఘములు 2012లో న్యాయస్థానమునకు పోయినవి. బురద తగ్గువరకు విత్తనమును కాపాడనిచో కాపాడుటకు ఏమియు మిగులదని జాతివారి వాదము. రెండుమాటలందును సత్యమున్నది. ఆనకట్టలు పోయి చాల సంవత్సరములు గడచిన పిమ్మటను, తిరిగివచ్చు చినూక్ అను పెద్దసాల్మన్‌లలో అధికభాగము హేచరీలో పుట్టినవే యని లెక్కలు చూపినవి. ఆ లెక్కలను దాచక బయటపెట్టినవారిలో జాతివారి శాస్త్రజ్ఞులును ఉన్నారు. తమ పక్షమునకు అనుకూలముకాని అంకెను గూడ చెప్పగలిగినపుడే పరిశోధనకు విలువ.

2012 వసంతమునాటికి దిగువ ఆనకట్ట పూర్తిగా తొలగెను. ఆ యేటనే చినూక్ సాల్మన్ దాని స్థలమును దాటి జాతీయవనములో కనబడెను. ఎగువ ఆనకట్ట తుదిభాగము 2014 ఆగస్టులో కూలెను. అంతట పని ముగిసెనని తోచవచ్చును. కాని, ఆ యిరుకులోయలో పడిన పెద్దబండలు చేపలకు ఇంకను అడ్డముగానే యుండెను. చేపలకు చిన్న రేడియో యంత్రములు కట్టి, అవి ఎంతవరకు పోవుచున్నవో, ఎక్కడ నిలిచిపోవుచున్నవో ఒడ్డుననుండి విని తెలిసికొనిరి. తరువాత ఆ బండలను పగులగొట్టించిరి. మీ యిండ్లకు నా మాటను తెచ్చునట్టి తరంగములే నీటిలోని చేప తన యిబ్బందిని చెప్పుకొనుటకును ఉపకరించినవి.

ఇక ఫలితములు. స్టీల్‌హెడ్ అను చేప యొకటి కలదు. వేసవిలో వచ్చు దాని తెగ ఎల్వాలో ఇంచుమించు నశించియుండెను. ఆనకట్టలకు ఎగువను చిక్కుకొని, తరతరములు సముద్రము చూడక మంచినీటిచేపలుగా బ్రదికిన వాని సంతతి, దారి తెరచినతోడనే సముద్రమునకు పోయి, బలిసి, మరల వచ్చెను. ఎల్వా ఒడ్డున నీటిలో మునిగి పురుగులను ఏరుకొను డిప్పర్ అను చిన్నపక్షి యున్నది. దాని శరీరములోని కర్బనము, నత్రజని పరీక్షించి, సముద్రాహారపు గుర్తు కలదో లేదో చూచిరి. దిగువ ఆనకట్ట తొలగిన కొద్దికాలమునకే ఆ గుర్తు పక్షులలో కనబడెను. సాల్మన్ వచ్చుచోటులందలి పక్షులు పరిమాణమున పెద్దవై, ఒకే యేడు రెండుమార్లు పిల్లలను పెంచు అవకాశము అధికముగా కలిగియుండెనని కూడ తేలెను. నదీముఖమున పదులకొలది యెకరముల ఇసుకనేల క్రొత్తగా ఏర్పడెను. జలాశయముల అడుగున బయటపడిన బోడినేలలో స్థానికవృక్షముల మొక్కలను నాటిరి.

నీరు తగ్గినపుడు ఇంకొకటి కూడ బయటపడెను. తమ జాతి పుట్టినచోటని క్లాలం పెద్దలు చెప్పుకొను శిల యొకటి నదీగర్భమున కలదని తరతరములుగా పిల్లలకు చెప్పుచు వచ్చిరి. దిగువ ఆనకట్ట కట్టిననాటినుండి దానిని చూచినవారు లేరు. కొందరు పరులు అది వట్టికథ యనుకొనిరి. 2012లో నీరు దిగినపుడు ఆ శిల చెప్పినచోటనే కనబడెను. శాస్త్రజ్ఞుని పుస్తకము ఒక లెక్క, పెద్దల జ్ఞాపకము వేరొక లెక్క. ఎల్వా నది రెంటిని సరిచూచెను.

ఆవాసము లేనిచో హక్కు లేదను తత్త్వము న్యాయస్థానములకును చేరెను. ఆ రాష్ట్రపు రోడ్లక్రింది తూములు చేపలదారిని మూయుచున్నవనియు, అది సంధికి విరుద్ధమనియు జాతులు వాదించినవి. క్రింది న్యాయస్థానములు అంగీకరించినవి. 2018లో అమెరికా అత్యున్నతన్యాయస్థానమున న్యాయాధిపతులు సరిసమానముగా చీలిపోగా, క్రిందితీర్పే నిలిచెను. చేపలు పట్టు హక్కనగా వట్టివలను నీటిలో ముంచు హక్కు కాదని దీనివలన స్థిరపడెను.

మరియొక సంగతి. 2011లో ఆనకట్టలు కూల్ప మొదలిడినపుడు ఎల్వాలో చేపలు పట్టుట ఆపివేసిరి. దీనికి జాతివారును సమ్మతించిరి. నూరేండ్లు పోరాడి దారి తెరపించినవారు, దారి తెరచిననాడు తమ వలలను తామే మడచి పెట్టిరి. పిల్లలు తాతల వెంట నదికి పోయి నేర్చుకొనవలసిన విద్య పండ్రెండేండ్లు ఆగిపోయెను. అయినను లెక్క చాలలేదని తమ శాస్త్రజ్ఞులు చెప్పినంతకాలము వారు ఓర్చుకొనిరి. 2023 అక్టోబరులో, కోహో అను సాల్మన్ పట్టుటకు తగినన్ని వచ్చుచున్నవని లెక్క చూపగా, తమ యాచారములకును ఇంటి ఆహారమునకును మాత్రము, మితముగా, వారు చేపలు పట్టిరి. ఆనకట్టలు తొలగిన తరువాత స్వేచ్ఛగా ప్రవహించు ఎల్వాలో వారు చేప పట్టుట అదే ప్రథమము.

ఈ కథ విని ఆనకట్టలన్నియు చెడ్డవని మీరనుకొనవలదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట లక్షలయెకరములకు నీరిచ్చి మనకు అన్నము పెట్టినది. పులస దారికి అడ్డమును వచ్చినది. ఎల్వా ఆనకట్టలు ఒక్క యెకరమునకైనను నీరీయలేదు. ఒక నదికి తగిన మందు వేరొక నదికి తగదు. కాని మందు వేయుటకు ముందు నాడి చూడవలెననునది ఎల్లనదులకును సమానమే. ఏయే చేప ఏకాలమున వచ్చును, ఎక్కడ గ్రుడ్లు పెట్టును, ఎన్ని పోయినవి, ఎన్ని మిగిలినవి అను లెక్క, ఆ నీటిమీద బ్రదుకువారి చేతిలో నుండవలెను. వారి సమ్మతితో, వారి కన్నులయెదుట, వారి పిల్లలలో చదివినవారిచేతనే అది జరుగవలెను. అట్టి లెక్క లేనినాడు ఎల్వావారి సంధిపత్రము నూరేండ్లు పెట్టెలో పడియుండెను. లెక్క తీయ మొదలిడిన తరువాత, ఆలస్యముగానే యైనను, చేప యింటికి వచ్చెను.